ఆ నంబరు ఎవరిది?

తెనాలిలో ఓ చిన్న నెట్‌సెంటరు. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గుమ్మం పక్కన బల్ల, బల్లమీద దారంతో కట్టిన పెన్ను, పొడుగాటి రిజిస్టరు. 2012లో ఓ సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఎస్సై, కానిస్టేబులు ఆ మెట్లెక్కారు. ఎస్సై చేతిలో ఓ కాగితం. దానిమీద చుక్కలతో విడగొట్టిన ఓ పెద్ద అంకె, పక్కనే నెలన్నర కిందటి తేదీ, టైము.

'ఈ నంబరు నీదేనటగా?' అన్నాడు ఎస్సై.

నెట్‌సెంటరాయన గుండె గుభేలుమంది. ఊళ్లో ఓ కాలేజీ లేడీ లెక్చరర్‌కి ఎవరో అసహ్యమైన మెయిళ్లు పంపారు. ఆవిడ ఫిర్యాదు చేసింది. మెయిల్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే ఓ ఐపీ చిరునామా దొరికింది. ఆ సమయానికి అది ఎవరి కనెక్షనని అడిగితే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఈయన పేరు చెప్పింది.

'సార్, కనెక్షను నాదే. కానీ రోజూ వందమంది వచ్చి కూర్చుంటారు' అన్నాడాయన.

'అయితే ఆ టైములో ఎవరు కూర్చున్నారో చెప్పు.'

రిజిస్టరు తీశారు. కాగితం మీద టైము 12.35. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో కరెంటు కోత. ఇన్వర్టరు మీద నడిచిన సిస్టమ్ ఒక్కటే. దానిముందు కూర్చున్నదీ ఒక్కడే... పక్క పల్లెటూరి నుంచి పరీక్ష దరఖాస్తు నింపుకోడానికి వచ్చిన డిగ్రీ కుర్రాడు. పేరు, ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు జిరాక్సు అన్నీ ఉన్నాయి. ఎస్సై మొహం విప్పారింది. గంటలో ఆ కుర్రాణ్ని స్టేషనుకు తీసుకొచ్చారు. వెనకే వాళ్ల నాన్న, భుజమ్మీద తువ్వాలుతో.

హాస్టల్ చిరునామా, గది నంబరు

ఆ కాగితం మీది అంకె ఏమిటో తెలిస్తేగానీ తర్వాత జరిగింది అర్థంకాదు. ఇంటర్నెట్‌లో ఏ సమాచారమైనా ఓ చోటినుంచి మరో చోటికి వెళ్లాలంటే రెండు చివరలా చిరునామా ఉండాలి. అదే ఐపీ చిరునామా. ఇందులో రెండు రకాలు. ఒకటి పబ్లిక్, రెండోది ప్రైవేట్.

ఓ కాలేజీ హాస్టల్ ఉందనుకోండి. ఊరి పేరు, వీధి పేరు, పిన్‌కోడ్‌తో దానికో చిరునామా ఉంటుంది. అలాంటిది ప్రపంచంలో మరొకటి ఉండదు. అది పబ్లిక్. లోపల గదులకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లుంటాయి. అయిదో నంబరు గది ప్రతి హాస్టల్లోనూ ఉంటుంది. 'అయిదో నంబరు గది' అని మాత్రమే కవరు మీద రాసి పోస్టు డబ్బాలో వేస్తే అది ఎక్కడికీ పోదు. అది ప్రైవేట్. లోపలివాళ్లకు పనికొస్తుంది, గేటు దాటితే చెల్లదు.

ఆ నెట్‌సెంటర్లో కంప్యూటర్లకు 192.168.0.2 నుంచి 192.168.0.9 దాకా నంబర్లున్నాయి. అవే నంబర్లు గుంటూరు నెట్‌సెంటర్లోనూ ఉండొచ్చు, న్యూజెర్సీలో ఓ ఇంట్లోనూ ఉండొచ్చు. గొడవేమీ రాదు. ఎందుకంటే బయటి ప్రపంచానికి ఎనిమిదింటిదీ ఒకటే మొహం... మోడెంకు కంపెనీ ఇచ్చిన పబ్లిక్ నంబరు. అది కూడా శాశ్వతం కాదు. మోడెం ఆపి మళ్లీ వేస్తే మారిపోవచ్చు, పాతది ఇంకొకరికి వెళ్లొచ్చు. అందుకే నంబరు ఒక్కటీ ఉంటే చాలదు, టైము కూడా కావాలి.

మరి బయటినుంచి వచ్చిన జవాబు ఎనిమిదింటిలో ఎవరికి ఇవ్వాలో మోడెంకెలా తెలుస్తుంది? అదీ ఓ రిజిస్టరు పెట్టుకుంటుంది. అయిదో సిస్టమ్ ఏదన్నా అడిగితే ఆ అడిగినదానికి పోర్టు అని ఓ చిన్న నంబరు తగిలించి, తన చిరునామాతో బయటికి పంపుతుంది. జవాబు ఆ పోర్టు నంబరుతోనే తిరిగొస్తుంది. రిజిస్టరు చూసుకుని అయిదో సిస్టమ్‌కు ఇచ్చేస్తుంది. పని అయిపోయిన కాసేపటికి ఆ వరస కొట్టేస్తుంది. ఈ ఏర్పాటు పేరే 'నాట్', అంటే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్.

429 కోట్లూ చాల్లేదు

ఇంత తిరకాసు ఎందుకు, ప్రతి కంప్యూటరుకూ ఓ సొంత నంబరు ఇచ్చేస్తే పోలా? నంబర్లు లేవు కాబట్టి. ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ 1977లో చిరునామాకు 32 బిట్లు చాలనుకున్నారు. అంటే సుమారు 429 కోట్ల నంబర్లు. అప్పటికది ప్రయోగమే. పల్లెటూరి కుర్రాడి జేబులోకీ ఇంటర్నెట్ వస్తుందని ఎవరు ఊహించారు?

తొంభైల్లోనే కరవు ఛాయలు కనిపించాయి. 1994లో నాట్ ఆలోచన కాగితం మీదికి వచ్చింది. 1996 ఫిబ్రవరి నాటికి మూడు వరసల నంబర్లను ప్రైవేటు వాడకానికి విడిగా తీసిపెట్టారు. పదితో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవీ, 192.168తో మొదలయ్యేవీ. ఎవరినీ అడక్కుండా ఎవరైనా తమ ఇంట్లో, ఆఫీసులో వాడుకోవచ్చు. 2011 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ సంస్థ దగ్గరున్న పబ్లిక్ నంబర్ల చివరి కట్టలు కూడా పంచేశారు. అదే ఏప్రిల్‌లో మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి రేషన్ మొదలైంది.

మొత్తానికి ఉన్న నంబర్లను పదిమంది పంచుకోవడం అలవాటైంది. వైరు పంచుకుంటే ఇబ్బంది లేదు. చిరునామా పంచుకుంటే నిందను కూడా పంచుకోవాల్సి వస్తుంది. 2011లో వచ్చిన సైబర్ కెఫే నిబంధనలు అందుకే. గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు ఏ సిస్టమ్ మీద కూర్చున్నారో రాయాలి, ఆ రికార్డును ఏడాదిపాటు దాచాలి. పబ్లిక్ నంబరు గుమ్మం దాకానే తీసుకొస్తుంది. గుమ్మం లోపలి సంగతి ఆ దారం కట్టిన పెన్నుకే తెలుసు.

అయిదున్నర గంటల తేడా

ఆ రాత్రి నెట్‌సెంటరాయనకు అన్నం సహించలేదు. స్టేషను ముందు వేపచెట్టు కింద తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయనే కళ్లముందు కదుల్తున్నాడు. ఎస్సై ఇచ్చిపోయిన కాగితం నకలు మళ్లీ తీశాడు. నంబరు సరే. తేదీ సరే. టైము పక్కన చిన్న అక్షరాలు మూడున్నాయి. పగలు హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు. జీఎంటీ.

ఆయనకు కాళ్లు చల్లబడ్డాయి. గ్రీన్‌విచ్ టైముకు మన గడియారం అయిదున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ పన్నెండూ ముప్ఫై అయిదంటే ఇక్కడ సాయంత్రం ఆరూ అయిదు. రిజిస్టరు తిప్పాడు. ఆరూ అయిదుకు ఏడుగురున్నారు. ఆ కుర్రాడు అప్పటికే దరఖాస్తు నింపుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకే సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

రిజిస్టరు చంకలో పెట్టుకుని స్కూటరెక్కాడు. రాత్రి పది దాటింది.

'సార్, పొరపాటు జరిగింది. ఈ టైము మనది కాదు.'

ఎస్సై రెండుసార్లు లెక్కేసుకున్నాడు. 'మరి ఈ ఏడుగుర్లో ఎవరయ్యా?'

'ఆ నంబరు అది చెప్పదు సార్. అది నా కొట్టు నంబరు, మనిషిది కాదు.'

కుర్రాణ్ని ఆ రాత్రే పంపించేశారు. మర్నాడు సిస్టమ్‌లలో దాచిన చరిత్రను ఒక్కొక్కటే చూస్తే, ఆరూ అయిదుకు ఆ మెయిల్ తెరిచింది అయిదో సిస్టమ్‌లో. దానికెదురుగా ఎవరి పేరుందో ఆయన ఇప్పటికీ నోరు విప్పడు. పెద్దాయన మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు: 'మీరు చూశారు కాబట్టి సరిపోయింది బాబూ, చూడకపోతే?'

ఆ ప్రశ్నకు జవాబు అంతకు అయిదేళ్ల ముందే బెంగళూరులో ఒకరి అనుభవంలోకి వచ్చింది. 2007లో అక్కడి ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఆర్కుట్‌లో ఛత్రపతి శివాజీని కించపరిచే బొమ్మ పెట్టాడని అభియోగం. ఆధారం, ఓ ఐపీ చిరునామా. అది ఆయనది కానేకాదని, ఇచ్చిన వివరాలే తప్పని తేలేసరికి ఆయన 50 రోజులు జైల్లో గడిపేశాడు.

ఇప్పుడు ఊరంతా ఒకే గేటు

నెట్‌సెంటర్లు తగ్గిపోయాయి కదా, ఇప్పుడు ఆ గొడవెక్కడిది అనుకుంటే పొరపాటే. అప్పుడు ఎనిమిది సిస్టమ్‌లు ఒక నంబరును పంచుకునేవి. ఇప్పుడు ఎన్నో ఇళ్లు, వేలకొద్దీ ఫోన్లు పంచుకుంటున్నాయి. కంపెనీలు తమ దగ్గరే పెద్ద నాట్ పెట్టుకుంటాయి. దాన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. దానికోసం 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా మరో వరస కేటాయించారు. అంటే మన ఇంటి గేటు బయట కాలనీకి మరో గేటు. రిజిస్టరు కంపెనీ దగ్గర ఉంటుంది. అందులో ఒక మనిషిని పట్టుకోవాలంటే నంబరు, తేదీ, సెకన్లతో సహా టైము, పోర్టు నంబరు నాలుగూ కావాలి. వెబ్‌సైట్లు పోర్టు నంబరు కూడా రాసిపెట్టుకోవాలని 2011లోనే ఇంటర్నెట్ ఇంజినీర్ల సంఘం సలహా ఇచ్చింది. పోర్టు లేని నంబరు మళ్లీ గేటు దగ్గరికే తీసుకొస్తుంది.

మన ఇంటి సంగతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రౌటర్ సెట్టింగుల్లో ఇంటర్నెట్ వైపు చిరునామా ఎంతో చూడాలి. 'నా ఐపీ ఎంత' అని చెప్పే వెబ్‌సైట్లో కనిపించే నంబరు ఎంతో చూడాలి. పాత తరహా ఐపీవీ4 నంబర్లు రెండూ ఒకటైతే మనకు సొంత పబ్లిక్ నంబరు ఉన్నట్టు. వేరువేరుగా ఉండి, రౌటర్లోది 100.64 వరసలోనిదైతే కాలనీ గేటు లోపల ఉన్నట్టు. ఇంట్లో అమ్మ ఎలా ఉందో చూసుకుందామని అమెరికాలో కొడుకు నేరుగా కెమెరాకు కలపబోతే కలవకపోవడానికి చాలాసార్లు కారణమిదే. అదనంగా డబ్బుకట్టి సొంత నంబరు తీసుకోవచ్చు. అయితే తలుపు తెరిస్తే కొడుకే వస్తాడని ఏముంది? 2016 అక్టోబరులో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిని కొన్ని గంటలపాటు మూలకూర్చోబెట్టిన దాడికి వాడుకున్నది, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కు వదిలేసిన కెమెరాల్నీ రౌటర్లనే.

అసలు మందు ఐపీవీ6. 128 బిట్ల నంబర్లు కాబట్టి ప్రతి ఇసుకరేణువుకూ ఒకటిచ్చినా తరగవు. 1998లోనే దాని నమూనా సిద్ధమైంది. మన మొబైల్ నెట్‌వర్కుల్లో బాగానే పాకింది కూడా. కానీ పాత నంబర్లతోనే నడిచే పరికరాలూ వెబ్‌సైట్లూ ఉన్నంతకాలం ఆ పంపకం తప్పదు. పైగా సొంత నంబరు ఉన్నా అది ఫోనుకో రౌటరుకో చిరునామా. దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో మళ్లీ మనిషే తేల్చాలి.

తెనాలి నెట్‌సెంటరాయన ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. వైరు లాగకముందే, పాస్‌వర్డ్ మార్చకముందే ముందుగా ఓ పని చేస్తాడు. రికార్డరులో గడియారం చూసి, మన టైములో ఉందో లేదో సరిచేస్తాడు. 'ముందు అదెందుకు గురూ?' అని ఇంటివాళ్లు నవ్వుతుంటారు. ఆయన కారణం చెప్పడు. ఆ డిగ్రీ కుర్రాడు ఆ తర్వాత ఎప్పుడూ ఆ మెట్లెక్కలేదు. బజార్లో ఎదురైనా తల దించుకుని అవతలి పక్కకు వెళ్లిపోయేవాడు. తప్పు చేసింది తనే అయినట్టు.