లాబాను ఇంట ఇరవై ఏండ్లు



ధ్యానము కొరకు ఆదికాండము 31వ అధ్యాయం. వీలైతే ముందు ఆ అధ్యాయం చదువుకుని, తర్వాత ఈ మాటలు చదవండి.

ఫిబ్రవరి వచ్చిందంటే మా ప్రాంతంలో కళ్లాలన్నీ ఎర్రగా ఉంటాయి. కోసిన మిరపకాయ ఆరబోసి, రాత్రిళ్లు పట్టాలు కప్పి రైతులు కాపలా పడుకుంటారు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక తమ్ముడు అందరూ వెళ్లేదాకా ఆగాడు. అతను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. తెల్లవారకముందే వచ్చిన టిక్కీలు లెక్క చూసుకోవడం, కాటా దగ్గర నిలబడి తూకం రాసుకోవడం, సాయంత్రం రైతులకు పట్టీలు రాయడం అతని పని. ఇరవై ఒకటో ఏట చేరాడు, ఎనిమిదేళ్లయింది. శనివారం రాత్రి బస్సుకు ఊరొచ్చి, ఆదివారం గుడిలో డోలక్ వాయిస్తాడు.

"అయ్యగారూ, ఖమ్మంలో ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు సూపర్‌వైజరుగా రమ్మంటున్నారు. జీతం ఆరు వేలు ఎక్కువ. పి.ఎఫ్. కూడా కడతారంట. కానీ మా ఓనరుగారు నాన్న ఆపరేషన్‌కి డబ్బిచ్చారు. ఒక యజమాని దగ్గర ఎన్నేళ్లు ఉంటే నమ్మకంగా ఉన్నట్టండీ? వాక్యంలో ఏమైనా లెక్కుందా?"

మేము వెంటనే 1 పేతురు 2:18 తీశాము. దాసులు యజమానులకు లోబడాలని, మంచివారికే గాక వక్రబుద్ధి గలవారికి కూడా లోబడాలని చెప్పాము. ఆపదలో ఆదుకున్న చేతిని వదలకు నాయనా అన్నాము. ప్రార్థన చేసి పంపాము. అతను ఏమీ అనలేదు. డోలక్‌కు గుడ్డ చుట్టి మూలన పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మగారు అడిగింది: "ఏమండీ, ఆ పిల్లాడికి ఉండమని వాక్యం చెప్పిందా, మన డోలక్ చెప్పిందా?"

ముద్ద గొంతు దిగలేదు. నిజమే. అతను ఖమ్మం వెళ్తే ప్రతి ఆదివారం రాలేడు. యవనస్థుల కూడిక ఎవరు నడుపుతారు, క్రిస్మస్‌కి స్టార్ ఎవరు కడతారు అన్న లెక్క మా లోపల ముందే వేసుకున్నాము. ఆ లెక్కకు దేవుని చిత్తమని పేరు పెట్టి చెప్పాము. ప్రియులారా, కాపరులకు ఈ శోధన ఉంటుంది. దీనిని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాము.

నిద్ర పట్టక మా నాయనను తలుచుకున్నాము. ఆయన పాలేరు. ఉగాదికి జీతం కుదిరేది. కుదిరిన రోజునే అడ్వాన్సు చేతిలో పడేది. అక్క పెళ్లికి కొంత, జబ్బుకు కొంత, వర్షాలు లేని ఏడు తిండిగింజలకు కొంత తెచ్చేసరికి, మళ్లీ ఉగాదికి చూస్తే జీతం కంటే బాకీ పెద్దదిగా ఉండేది. కాబట్టి మళ్లీ ఆ ఇంటికే. అట్లా పంతొమ్మిది ఉగాదులు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. మా నాయన ఆ సంగతి ఎరగడు. "మీ నాయన ఎంత నమ్మకస్థుడురా, ఒకే ఇల్లు పట్టుకున్నాడు" అని ఊళ్లో మెచ్చుకునేవారు. ఆయన మాత్రం ఒకసారి మాతో అన్నాడు: "వెళ్లగలిగి ఉండి ఉంటే అది నమ్మకంరా. వెళ్లలేక ఉంటే దాన్ని కట్టుగొయ్య అంటారు."

ఆ బాకీ కథ పాలేర్లతో పోలేదు. మిరప రైతు సంగతి చూడండి. పెట్టుబడికి ఏ కొట్టులో అప్పు తెచ్చాడో ఆ కొట్టుకే కాయ తోలాలి. పక్క కొట్టులో ధర ఎక్కువున్నా చూస్తూ ఊరుకోవాలి. ఎన్నాళ్లు ఉండాలన్నది మనిషి కాక బాకీ నిర్ణయించే చోట, ఉండటాన్ని నమ్మకమని పొగిడే ముందు మనం కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు యాకోబు దగ్గరికి రండి. లాబాను దగ్గర ఇరవై ఏండ్లు పని చేశాడు. కుమార్తెల కోసం పద్నాలుగు, మందల కోసం ఆరు. జీతం పదిసార్లు మార్చారు (31:41). పగలు ఎండ, రాత్రి మంచు తిన్నాడు. యోసేపు పుట్టినప్పుడే వెళ్తానని అడిగాడు గాని, లాబాను జీతం నువ్వే చెప్పు అనగానే ఆగిపోయాడు (30:25-28). మనలో చాలామంది అట్లాగే ఆగుతాము. ఇంకో వెయ్యి పెంచుతానంటే ఇంకో రెండేళ్లు.

అతను చివరికి ఎట్లా బయలుదేరాడో మూడు సంగతులు చూడండి. మొదటిది, లాబాను ముఖం మారిందని గమనించాడు. అయితే దానికే లేచి పోలేదు, తిరిగి వెళ్లమని దేవుడు చెప్పిన మాట విన్నాడు (31:2-3). రెండవది, భార్యలను పొలానికి పిలిపించి వారితో ఆలోచన చేశాడు (31:4). ఎంతమంది అన్నలు ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసి వస్తారు! మూడవది, లాబాను వెంటబడి సామానంతా తడిమినప్పుడు, నీది నా దగ్గర ఏం దొరికిందో చూపించమని ధైర్యంగా అడగగలిగాడు (31:37). పుస్తకం శుభ్రంగా ఉన్నవాడు అడిగే మాట అది. ఒక్క తప్పు చేశాడు, చెప్పకుండా వెళ్లాడు (31:20). అందుకే ఏడు దినాలు తరుమబడ్డాడు.

ఇరవై మంచిదా, ఏడు మంచిదా అన్న లెక్క లేఖనంలో లేదు. మన గుంటూరులోనే చూడండి. 1842 జూలై 31న ఇక్కడికి వచ్చిన హేయర్ దొర ఒక్కసారిగా ఉండిపోలేదు. వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు, 1857లో మళ్లీ వెళ్లాడు. రాజమండ్రి పని వేరే మిషను చేతికి పోతుందని తెలిసి, డెబ్బై అయిదేళ్లు దాటిన వయసులో 1869లో మూడోసారి ఓడెక్కాడు. డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో వచ్చింది. చదివింది వైద్యమైనా మొదట అప్పగించింది బోధన పని. అలిగి వెళ్లలేదు. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించింది. నలభై ఏడేళ్లు. ఆయన మూడుసార్లు వెళ్లినా అవిశ్వాసి కాలేదు. ఆమె ఉండిపోయినా ఎవరికీ బానిస కాలేదు. ఇద్దరూ పిలిచినవాని పని చూసుకున్నారు.

మంగళవారం బస్సెక్కి యార్డుకు వెళ్లాము. ఘాటుకు తుమ్ముతూ ఆ టిక్కీల మధ్య అతన్ని వెతికి పట్టుకున్నాము. "తమ్ముడూ, మొన్న మేము నీకు సగం వాక్యమే చెప్పాము. క్షమించు" అన్నాము. 1 కొరింథీ 7:21 చదివాము. స్వతంత్రుడయ్యే అవకాశం వస్తే దానిని వాడుకోమని పౌలు గారే దాసులకు చెప్పాడు. టీ తాగుతూ లెక్కలు చూశాము. గ్రాట్యుటీ నియమాల ప్రకారం అయిదేళ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం వస్తుంది. కానీ పదిమంది పనివాళ్లున్న చోటికే అది వర్తిస్తుంది. ఆ కొట్టులో ఎప్పుడూ అంతమంది లేరు. ఎనిమిదేళ్ల నమ్మకానికి కాగితం మీద పైసా లేదు. ఆపరేషన్ బాకీ ఇంకా నలభై వేలుంది.

మేము చెప్పింది ఇంతే. ఇంటి దాని మాట విను. ఓనరు ముఖం మీద చెప్పు, యాకోబులా చాటుగా పోవద్దు. కాయ ముమ్మరంగా వచ్చే ఈ రెండు నెలలు రైతును, కొట్టును వదిలేయకు. ఎండాకాలం సెలవులకు యార్డు మూసినప్పుడు కదులు. బాకీ ఎంతో కాగితం మీద రాయించుకో, తీర్చి రసీదు తీసుకో. కొత్తగా చేరిన కుర్రాడికి పట్టీ రాయడం నేర్పి వెళ్లు.

ఓనరు నాలుగు రోజులు మాట్లాడలేదట. తర్వాత పుస్తకం తీసి లెక్క చూశాడట. ఖమ్మం వాళ్లు మే నెల దాకా ఆగారు. బాకీకి భార్య చెవి కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చింది. అది మాకు బాధగానే ఉంది. బాకీ మాఫీ అయిందని సాక్ష్యం చెప్పాలని మాకూ ఉంది గాని, అట్లా జరగలేదు. ఓనరు బస్సు చార్జీలకని అయిదు వందలు చేతిలో పెట్టాడు.

మన సంఘాల్లో పనివాళ్లను పెట్టుకున్నవారికి ఒక మాట. ద్వితీయోపదేశకాండము 15:13-14 చదవండి. ఏళ్ల తరబడి పని చేసి వెళ్లేవాడిని వట్టి చేతులతో పంపవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. మందలో నుండి, కళ్లంలో నుండి, గానుగలో నుండి ధారాళంగా ఇమ్మన్నాడు. అది దయ కాదు, ఆజ్ఞ.

ఇప్పుడు మా గుడిలో డోలక్ పన్నెండేళ్ల పిల్లాడు వాయిస్తున్నాడు. తాళం తప్పుతున్నాడు. ఫరవాలేదు, నేర్చుకుంటాడు.

ప్రార్థన: ప్రభువా, ఉండవలసిన చోట ఓర్పు, కదలవలసిన దినాన ధైర్యం మాకు దయచేయుము. బాకీల చేత కట్టబడిన వారిని విడిపించుము. మా అవసరాన్ని నీ చిత్తమని చెప్పకుండా మా నోటికి కావలి యుంచుము. ఆమేన్.