నాన్న కంప్యూటరా, కొత్త రౌటరా?

మా ఇంట్లో నెట్ స్పీడ్ బాగానే ఉంటుంది. చిక్కల్లా చెల్లి వీడియో అప్‌లోడ్ పెట్టినప్పుడే. ఇక అంతే, కాల్‌లో నా గొంతు రోబోలా అయిపోతుంది. ఓసారి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నే మూడుసార్లు అడిగారు. నాలుగోసారి అడగలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

మాది కూర్మన్నపాలెం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. 2006లో నా కోసమని పెంటియం 4 కంప్యూటర్ కొన్నారు. హుద్‌హుద్ వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12న, కిటికీ అద్దం పగిలి గదిలోకి వాన కొడుతుంటే ముందు దాన్నే టార్పాలిన్‌లో చుట్టి అటకెక్కించారు. కరెంటు వచ్చాక (రోజుల తరబడి రాలేదు లెండి) స్విచ్ వేస్తే ఆన్ అయింది. అప్పట్నుంచి దాన్ని పాతసామాన్లకి వేసేద్దామంటే ఒప్పుకోరు.

"రౌటర్ కొంటాను నాన్నా" అన్నాను.

"ఏట్రా, ఇంట్లో కంప్యూటర్ ఉండగా ఇంకో డబ్బా ఎందుకు? దాన్తో అవదా?"

అవుతుంది. అదే వచ్చిన చిక్కు.

రెండు నెట్‌వర్క్ పోర్టులుంటే ఏ కంప్యూటరైనా రౌటర్ పని చేస్తుంది. ఒకటి మదర్‌బోర్డుకే ఉంది. రెండో కార్డు ద్వారకానగర్‌లో పాత పార్టుల షాపులో దొరికింది. మొదట పీఎఫ్‌సెన్స్ వేద్దామనుకున్నా. 2017లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి అది 32-బిట్ ప్రాసెసర్లని వదిలేసింది. మాదేమో 32-బిట్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మాత్రం ఎక్కింది. వైఫై కోసం నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బానే ఉంచాను.

అందులో ఎస్‌క్యూఎం అని ఒకటుంది. నాకు కావాల్సింది అదే. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో టికెట్ లైను ఊహించుకోండి. ముందున్నవాడు యాభై టికెట్లు తీసుకుంటుంటే, వెనక ఒక్క టికెట్ కావాల్సినవాడు బస్సు మిస్సవుతాడు. ఎస్‌క్యూఎం ఆ యాభైవాడిని కాస్త ఆపి, మధ్యమధ్యలో ఒక్క టికెట్ వాళ్లని పంపిస్తుంది. మొత్తం స్పీడ్ కొంచెం తగ్గుతుంది, కాల్ మాత్రం తెగదు. ఆ రాత్రి చెల్లి అప్‌లోడ్ పెట్టింది, నేను ఫ్రెండ్‌తో గంటసేపు వీడియో కాల్ మాట్లాడాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

నాన్న సంతోషం చూడాలి! పక్కింటాయన్ని పిలిచి మరీ, "ఇంటి నెట్టంతా ఇదే నడిపిస్తోంది" అని చూపించారు.

ఇరవై రోజులు నడిచింది. ఫ్యాన్ చప్పుడు సంగతి సరే, కరెంటు పోతే మాత్రం ఏడుపే. దాని యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. కరెంటు వచ్చాక కూడా అది మెల్లగా లేచేదాకా నెట్ లేదు. అప్పుడే ఫ్రెండ్ దగ్గర చిన్న వాట్ మీటర్ తెచ్చి ప్లగ్గుకి పెట్టాను. 85 వాట్లు. రోజంతా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి నెలకి 61 యూనిట్లు. అదే ఫ్రెండ్ ఇంట్లో రౌటర్ 7 వాట్లు చూపించింది, అంటే నెలకి 5 యూనిట్లు. పాత పీసీతో ఖర్చేముంది, ఫ్రీయే కదా అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. అందరికీ ఇదే అంకె రాదు. ఈమధ్య ఆఫీసుల్లో తీసేస్తున్న చిన్న పీసీలైతే చాలా తక్కువ కరెంటు తాగుతాయి. మాది ఆ రకం కాదు.

ఈ మాట నాన్నకి ఎలా చెప్పాలో తెలీక నాలుగు రోజులు నానబెట్టాను. ఐదోరోజు పొద్దున్నే ఆయనే వచ్చారు, చేతిలో కేలండర్ కాగితం. రోజూ రాత్రి మీటర్ రీడింగ్ రాసుకుంటున్నారట.

"రోజుకి రెండు యూనిట్లు ఎక్కువ లాగుతోందిరా. శ్లాబు మారిపోద్ది. నువ్వు మాటాడవేటి?"

నేనేం మాట్లాడలేదు.

మూడువేల లోపు రౌటర్ తెచ్చి అందులోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీయే వేశాను. కొనేముందు మోడల్ పేరుతో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా వాళ్ల లిస్టులో ఉందో లేదో చూసుకోండి. అదే పేరు మీద లోపల చిప్ మార్చి అమ్ముతుంటారు. దానికో బుల్లి యూపీఎస్ తగిలించాను. ఇప్పుడు కరెంటు పోయినా కాల్ పోదు.

కంప్యూటర్లో ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఇంక పాతసామాన్లాయన్ని పిలవమంటారేమో అనుకున్నా. నాన్న తడిగుడ్డతో కేబినెట్ తుడిచి, టార్పాలిన్ ఎక్కడుందని అమ్మనడిగారు.