ఎంత దూకగలవు?

సీతమ్మను వెతుకుతూ దక్షిణ సముద్రం ఒడ్డుకు చేరిన వానరులు, కిష్కింధకాండ చివర, ఎవరెంత దూరం దూకగలరో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. వయసు మళ్లిన జాంబవంతుడు తొంభై దాకా పోగలనన్నాడు. అంగదుడు నూరూ దూకుతాను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. అప్పటికే సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయింది. ప్రాణాల మీదికి వచ్చిన ఆ వేళ కూడా ఒక్కరూ ఉన్న సత్తువకు మించి గొప్పలు పోలేదు. కండ పెంచాలనుకునే కుర్రవాడికి ఇంతకంటే మంచి తొలిపాఠం లేదని నా నమ్మకం.

సూర్యలంక ఒడ్డున తెల్లవారుజామున కసరత్తు చేసే పిల్లల్ని చూసినప్పుడల్లా ఆ ఘట్టమే గుర్తొస్తుంది. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు బండి మీద వచ్చేవాళ్లు, సెలవు రోజున తెనాలి నుంచి, రేపల్లె నుంచి వచ్చేవాళ్లు. మెత్తని ఇసుకలో నడిస్తే గట్టి నేల మీద కంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది, కాబట్టి చోటు మంచిదే ఎంచుకున్నారు. కానీ "ఏం సాధించాలని?" అని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే మాట ఒక్కటే: "సంక్రాంతికి సిక్స్‌ప్యాక్ రావాలన్నా!" అది కోరిక. ఈ రోజు ఏం చేయాలో అందులో లేదు. కోరికకు లెక్క అక్కర్లేదు, లక్ష్యానికి కావాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూపించినవాడు ఈ తీరం పక్కనే పుట్టాడు. బాపట్ల, చీరాల మధ్య రైలు దారిలో ఉంది స్టువర్టుపురం. తెల్లదొరల ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను 'నేరస్థ తెగ' అని ముద్రవేసి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంటు అది. ఆ ఊరి రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌ వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం తెచ్చాడు. 2018 ఏప్రిల్ 7న గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు. అన్నేళ్లు ఊరికి అంటగట్టిన పేరు పక్కన ఇవాళ ఈ అంకెలు కూడా నిలిచాయి. ఇది మన బాపట్ల వాళ్లందరి గర్వం.

రాహుల్ ఆడిన ఆటకు ఉన్న నియమాలు జిమ్‌కు వెళ్లే ప్రతివాడూ తెలుసుకోవాలి. ఒక్కో పద్ధతిలో మూడే ప్రయత్నాలు. మొదట ఎంత ఎత్తుతావో ముందే చెప్పాలి. బార్ మీద బరువు పెరుగుతూ పోతుందే తప్ప తగ్గదు. మూడూ తప్పితే మొత్తం లెక్కలో పేరే ఉండదు. అందుకే తెలిసిన లిఫ్టర్ మొదటి ప్రయత్నానికి తప్పకుండా లేపగలిగిన బరువే చెబుతాడు. గురి ఎంత పెద్దదైనా, మొదలు మాత్రం చేతనైన దగ్గరే.

మన పిల్లలు కూడా అలాగే మొదలుపెట్టాలి. బెంచ్ మీద 40 కిలోలు ఒడుపు చెడకుండా ఎనిమిదిసార్లు ఎత్తగలిగితే అది ఇవాళ్టి నిజం. అదే బరువు పన్నెండుసార్లకు తేవడం మొదటి గురి. ఆ తర్వాతే 42.5. తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేదే. కండ కంటికి ఆనడానికి నెలలు పడుతుంది. అద్దాన్ని నమ్ముకున్నవాడు నెల తిరక్కుండానే నీరుగారిపోతాడు. నోటుబుక్కులో అంకెలు రాసుకునేవాడికి మాత్రం ప్రతి వారం చేసింది కళ్ల ముందు ఉంటుంది.

ఇక మనసు సంగతి. సుందరకాండ మొదట్లో హనుమంతుడు దూకడానికి ముందు చేసినవి చూడండి. పర్వతం మీద పాదాలు అదిమాడు, చేతులు బిగించాడు, మెడ కుదించాడు, ఆకాశం కేసి చూస్తూ ఊపిరి నిలిపాడు. బరువు ముందు నిలబడ్డ లిఫ్టర్ చేసేది కూడా ఇంచుమించు ఇదే. పాదాలు సరిచూసుకుంటాడు, పట్టు బిగిస్తాడు, పొట్ట నిండా గాలి తీసుకుని నడుము బిగిస్తాడు. ఆ బిగువే వెన్నును కాస్తుంది. రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడగకుండా ఊపిరి బిగబట్టకూడదు. వీరఘట్టం నుంచి వచ్చి మల్లయోధుడిగా దేశమంతా పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు కూడా ప్రాణాయామాన్ని తన బలానికి మూలంగా సాధన చేసినవాడే.

ప్రతి సెట్టుకూ ఇదే వరస పాటించండి. కళ్లు మూసుకుని ఆ కదలికను ఒకసారి మనసులో పూర్తి చేయండి. ఫోను సంచిలో పెట్టేయండి. హనుమంతుడికి అతని బలం గుర్తుచేసిన జాంబవంతుడి లాంటి మనిషి పక్కన ఒకడుండాలి. నువ్వు జంకినప్పుడు నీ బలం నీకు చెప్పేవాడు, మిడిసిపడినప్పుడు బరువు తగ్గించమనేవాడు.

అంగదుడి సందేహాన్ని కూడా చిన్నచూపు చూడకూడదు. వెళ్లడంతో పాటు తిరిగి రావడం కూడా లెక్కలోదే. కండ పెరిగేది విశ్రాంతిలో. బాగా శ్రమపడ్డ కండకు మళ్లీ గట్టి పని చెప్పేముందు రెండు రోజులు ఎడమివ్వండి. రాత్రి కంటినిండా నిద్రపోండి. కండ పెంచేవారికి కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు. అరవై కిలోల పిల్లవాడికి దాదాపు 96 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల వేరుశనగ పప్పుకు పాతిక. కందిపప్పు, పెరుగు, మన రేవుల చేపలు ఉండనే ఉన్నాయి. తొందరపడి స్టెరాయిడ్ సూదులు పొడిపించుకుంటే గుండె, కాలేయం, సంతానశక్తి దెబ్బతింటాయి. కసరత్తు చేసి అలసిన ఒంటితో సముద్రంలోకి దిగి బలపరీక్ష చేయడం కూడా వద్దు. ఈ ఒడ్డున ఎన్నో ఇళ్లవాళ్లు పిల్లల్ని పోగొట్టుకున్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు పొద్దున ఏ కసరత్తు, ఎంత బరువు, ఎన్నిసార్లు, ఈ మూడింటినీ ఈ రాత్రే కాగితం మీద పెట్టండి. రాసినదానికంటే తక్కువ చేయకండి, ఉత్సాహం పొంగినా ఎక్కువా చేయకండి. ఏడాదిపాటు ఈ మాట నిలబెట్టుకున్నవాడికి ఒళ్లు తప్పక మాట వింటుంది.