తోలు పని – కొన్ని మెలకువలు

ఆషాఢమాసం వచ్చిందంటే పెద్దాపురంలో మరిడమ్మ జాతర సందడి మొదలవుతుంది. తొలకరి చినుకులకు గాలి చెమ్మగిల్లి ఉంటుంది. అటువంటి వేళ చర్మపు డప్పు పట్టినవాడు దానిని చేతికి తీసుకోగానే వాయించడు. ముందుగా కాస్త ఎండుగడ్డి పోగుచేసి మంట వేస్తాడు. డప్పు ముఖాన్ని ఆ సెగకు చూపుతూ, నడుమ నడుమ వేలితో తట్టి చెవి ఒగ్గి వింటాడు. అంతవరకు బొదబొదమన్న చర్మం కొద్ది నిమిషాల్లోనే బిగిసి కంగున మోగుతుంది. చూసేవారికి అదొక వేడుక. తోలుపని నేర్చుకోదలచినవారికి మాత్రం అది మొదటి పాఠం. తోలు నీటిని తాగుతుంది, సెగకు బిగుస్తుంది. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ రెండు గుణాలే.

తోలుతో పర్సులు, బెల్టులు, పుస్తకాల అట్టలు, తాళంచెవుల పట్టీలు స్వయంగా చేసుకోవడం చదువుకొన్న యువతకు ఇటీవల ఒక అభిరుచిగా మారుతోంది. దీనికి కావలసిన సామగ్రి స్వల్పం. రంపె, ఆరె, రెండు సూదులు, మైనం పట్టించిన దారం, ఒక కొయ్యసుత్తి ఉంటే చాలు. తోలును కోసే వెడల్పాటి కత్తి రంపె. కుట్టడానికి రంధ్రం పొడిచే సన్నని మొన గల పనిముట్టు ఆరె. తోళ్ళను నానబెట్టి పదునుచేసే తొట్టిని లంద అంటారు. ఈ మాటలు నేటి విద్యార్థులలో చాలామందికి కొత్తవి. ఇవి నిఘంటువులకెక్కక మునుపే మాదిగవాడలలో నిత్యవ్యవహారంలో ఉన్నాయి. ఊరందరికీ చెప్పులు, మోటబావికి తోలు తొండం, కాడికి పట్టెడలు, పండుగకు డప్పు సమకూర్చిన చేతులవి. ఊరు ఆ చెప్పులను తొడుక్కొంది. వాటిని కుట్టినవాణ్ణి మాత్రం ఊరి వెలుపల నిలిపింది. ఒకరికి అంటరానితనాన్ని తెచ్చిపెట్టిన పనే మరొకరికి నేడు తీరికవేళ వినోదమయింది. ఈ సంగతి తెలియకుండా రంపె పట్టడం అర్ధజ్ఞానమే. వీధి మలుపులో గొడుగు కింద కూర్చొని చెప్పులు కుట్టే పెద్దాయనకు తెలిసిన మెలకువలు, ఖరీదైన పనిముట్ల పెట్టెతో పాటు వచ్చే కాగితంలో ఉండవు. ఆయన వద్ద ఒక గంట కూర్చొని నేర్చుకొన్నవారు ఆ గంటకు తగిన ప్రతిఫలం ఇవ్వడం న్యాయం.

పని చెడిపోయిందని బాధపడేవారిలో చాలామంది తోలును ఎంచుకోవడంలోనే పొరబడి ఉంటారు. పదునుచేసే పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. తంగేడు చెక్క, తుమ్మచెక్క, కరక్కాయ వంటి వాటి వగరుతో పదునుచేయడం ఒకటి. ఇది తెలుగు, తమిళ ప్రాంతాలలో అనాదిగా ఉన్నది. క్రోమియం లవణాలతో పదునుచేయడం రెండవది. ఇది పందొమ్మిదవ శతాబ్దంలో పుట్టింది. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధికభాగం ఇదే. మొదటి రకం మీద తడిపి అచ్చువేస్తే ఆ గుర్తు నిలిచిపోతుంది. రెండవ రకం మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది కనుక ఎంత బలంగా అచ్చువేసినా కాసేపటికి గుర్తు మాసిపోతుంది. అచ్చు నిలవనప్పుడు సుత్తిని నిందించకుండా కోసిన అంచును చూడాలి. లోపలి భాగం లేత గోధుమరంగులో ఉంటే చెక్కతో పదునైన తోలు, నీలి బూడిదరంగులో ఉంటే క్రోమియం తోలు అని సాధారణంగా గుర్తించవచ్చు. రంగు అద్దినవాటిలో ఇది తేలికగా తెలియదు. చెన్నైలో 1948లో స్థాపితమైన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ వంటి చోట్ల ఇటువంటి విషయాలపై విస్తృతమైన పరిశోధనలు జరుగుతున్నాయి.

ఒకే తోలులోనైనా అన్ని భాగాలూ సమానం కావు. వెన్ను వెంబడి ఉన్న తోలు దట్టంగా, గట్టిగా ఉంటుంది. పొట్టభాగం వదులుగా ఉండి సాగుతుంది. బెల్టును వెన్నెముకకు సమాంతరంగా కోయాలి. పొట్టవైపు నుండి కోస్తే కొద్ది నెలల్లోనే అది సాగి వంకరపోతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం బెల్టుకు తగినది. పర్సుకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు. కోసేటప్పుడు రంపెను ఒక్కమారుగా అదిమి లాగకుండా ఒకే గీత మీద రెండు మూడు సార్లు తేలికగా నడిపితే అంచు తిన్నగా వస్తుంది. మొద్దుబారిన కత్తికి ఎక్కువ బలం కావాలి. ఆ బలం జారి వేలి మీదకు వస్తుంది.

ఇక కుట్టు. రెండు సూదులు ఒకే దారానికి చెరొక కొసన ఎక్కించి, ఒక్కొక్క రంధ్రం గుండా రెండింటినీ ఎదురెదురుగా నడిపే కుట్టు ఈ పనికి శ్రేష్ఠమైనది. యంత్రపు కుట్టులో ఒకచోట దారం తెగితే వరుసగా ఊడే ప్రమాదముంది. చేతికుట్టులో ఒక పోగు తెగినా రెండవది పట్టి ఉంచుతుంది. కుట్టవలసిన పొడవుకు సుమారు నాలుగింతల దారం తీసుకొంటే నడుమ అతుకు పెట్టవలసిన అవసరం రాదు. కుట్లు ఒకచోట వాలుగా, మరొకచోట నిలువుగా వస్తున్నాయంటే సూదుల వరుస తప్పిందన్నమాట. ప్రతి రంధ్రంలోనూ మొదట దూరే సూది ఒకటే కావాలి. రెండవ సూది మొదటి దారాన్ని పొడిచివేస్తే ఆ కుట్టు బిగియదు. సూది దూరేటప్పుడు మొదటి దారాన్ని కొద్దిగా వెనక్కు లాగి పట్టుకోవడమే దీనికి ఉపాయం. ఆరె కదలక మొరాయిస్తే దాని మొనను మైనంలో ఒకసారి గుచ్చితే సరి.

చెక్కతో పదునైన తోలును తడిపినప్పుడు దాని మీద ఒక్కొక్కప్పుడు నల్లని మచ్చలు పడతాయి. మురికి అనుకొని ఎంత రుద్దినా అవి పోవు. తోలులోని వగరు పదార్థం, ఇనుప పనిముట్టు కలిసి పుట్టించిన రంగు అది. కరక్కాయకు అన్నభేది కలిపి సిరా చేసిన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పు ఇనుమును, బెల్లాన్ని ఊరబెట్టి చేసే నల్లరంగు కూడా ఈ సూత్రం మీద ఆధారపడినదే. అక్కడ గుడ్డను ముందే కరక్కాయ రసంలో ముంచి ఉంచుతారు. కలంకారీ పనివాడికి వరమైనదే తోలు పనివాడికి తలనొప్పి. మచ్చ లేతగా ఉన్నప్పుడే నీటిలో కలిపిన నిమ్మరసాన్ని పలుచగా అద్ది, తరువాత మంచినీటితో తుడిస్తే చాలావరకు పోతుంది. ఒక్క మచ్చనే తడిపితే దాని చుట్టూ నీటిచార ఏర్పడుతుంది కనుక ఆ ముక్కనంతా సమంగా తడపాలి. తడి తోలు దగ్గర ఇనుప వస్తువులు ఉంచకపోవడం అన్నిటికన్నా సులువు.

గోదావరి జిల్లాలలో తోలుకు అసలు శత్రువు బూజు. గాలిలో చెమ్మ డెబ్బై శాతం దాటితే బూజు పెరగడానికి అనుకూలం. వానాకాలమంతా ఇక్కడ అదే పరిస్థితి. బీరువాలో భద్రంగా దాచిన పర్సు రెండు వారాలకే తెల్లబడుతుంది. అయితే తెల్లబడినదంతా బూజు కాదు. తోలులో ఉన్న కొవ్వు పైకి ఉబికి పొడిలా పేరుకోవడమూ కద్దు. ఆ చోటును అరచేతితో రుద్ది వెచ్చపరిస్తే కొవ్వు కరిగి మాయమవుతుంది. బూజు అలా కరగదు, దానికి ముక్కవాసన కూడా ఉంటుంది. బూజు పట్టిన వస్తువును ఇంటిలో దులపరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట మెత్తని కుంచెతో దులిపి, నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టాలి. తరువాత పాత నూలుగుడ్డలో చుట్టి ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే లోపలి చెమ్మ బయటకు పోదు. ముక్కలను అతికించడానికి మైదాపిండి జిగురు వాడేవారున్నారు. ఈ ప్రాంతంలో అది బూజుకు విందుభోజనం.

వానలో తడిసిన చెప్పులను పొయ్యి దగ్గర పెట్టడం మరొక పొరపాటు. పదునుచేయని పచ్చితోలు తడిగా ఉన్నప్పుడు అరవై డిగ్రీలకు కాస్త అటూ ఇటూ వేడి తగిలితేనే ముడుచుకుపోతుంది. పదునుచేసిన తోలు ఇంకొంచెం ఓర్చుకొంటుందే గాని దానికీ హద్దు ఉంది. లోపల పాత కాగితాలు కుక్కి నీడలో ఆరనివ్వాలి. పూర్తిగా ఆరకమునుపే కొద్దిగా ఆముదం పలుచగా పట్టించడం పాతకాలపు అలవాటు. కిర్రుచెప్పులను మెత్తబరచినది ఆ ఆముదమే. ఎక్కువ పోస్తే తోలు జావగారి దుమ్మును పట్టుకొంటుంది.

పచ్చితోలు ప్రస్తావన వచ్చినచోట తోలుబొమ్మలను తలచుకోకుండా ఉండలేము. పెద్దాపురానికి పొరుగున సామర్లకోట మండలంలో ఉన్న మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపొందిన గ్రామం. బొమ్మకు వాడే మేకతోలును పర్సు తోలులా వగరుతో పదునుచేయరు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడతారు. అందుకే దాని గుండా వెలుగు ప్రసరిస్తుంది. దాని మీద రూపం గీసి, ఉలులతో నగిషీ రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆట చూసేవారు తగ్గిన తరువాత ఆ ఊరి కుటుంబాలు ఇదే తోలుతో దీపాల తొడుగులు చేసి జీవిస్తున్నాయి.

ఇంటిలో అటువంటి తొడుగు చేయబూనినవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. రంధ్రాలు మరీ దగ్గరగా కొడితే నడుమ మిగిలిన సన్నని పోగు చిరుగుతుంది. ఒక వరుసలో అన్నీ కొట్టకుండా ఒకటి విడిచి ఒకటి కొట్టి, తరువాత మిగిలినవి పూర్తిచేస్తే తోలు తట్టుకొంటుంది. రెండవది ముడుచుకుపోవడం. చెమ్మకు అంచులు వంగితే రెండు నూలుగుడ్డల మధ్య పరచి, చదునైన బరువు కింద రాత్రంతా ఉంచితే సర్దుకొంటుంది. వేడెక్కే పాతరకం బల్బును లోపల పెడితే మాత్రం మరల వంగుతుంది కనుక ఎల్‌ఈడీ దీపం మేలు. ఆముదపు దీపాల వెలుగులో ఆటలు ఆడిన కాలంలో బొమ్మకు ఈ బాధ లేదు. దీపానికీ తెరకూ నడుమ ఆడించేవాడు నిలిచి అడుగులు వేసేటంత ఎడం ఉండేది.