బడిలో సినిమా రాత్రి

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మేముంటాం. ఇటువైపు చాలా ఎలిమెంటరీ స్కూళ్లలో ఏటా ఏదో ఒక సాయంత్రం కెఫెటీరియా బల్లలు మడిచి గోడవారకు నెట్టేస్తారు. తెర దించి, పిల్లల్నీ వాళ్ల ఇంటిల్లిపాదినీ పిలిచి సినిమా వేస్తారు. దాన్ని ఫ్యామిలీ మూవీ నైట్ అంటారు. జరిపించేది పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసిన సంఘం. ఏడాది మొత్తంలో ఆ సంఘం చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దాని ఏర్పాట్లు చూసే కమిటీకి నా పేరు తప్పకుండా ఇస్తాను.

ఇంటింటా గోడంత టీవీ ఉండగా బడికి వెళ్లి నేలమీద కూర్చుని సినిమా చూడటమెందుకని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఇక్కడి పొద్దుటిపూటలు తెలిస్తే ఆ ప్రశ్న రాదు. కార్ల వరుస కదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బ్యాగుతో పిల్ల దిగుతుంది, మన కారు ముందుకు పోతుంది. బడి లోపలికి వెళ్లాలంటే ఆఫీసులో గుర్తింపు కార్డు చూపించి స్టిక్కరు అంటించుకోవాలి. పిల్లల భద్రత కోసం పెట్టిన నియమాలవి, ఉండాల్సినవే. కానీ ఏళ్ల తరబడి ఒకే వరుసలో నిలబడే రెండు కుటుంబాలకు ఒకరి పేరొకరికి తెలియకుండానే పిల్లలు అయిదో తరగతి దాటిపోతారు. మన వైపు నుంచి వచ్చే అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఆ వరుస కూడా ఉండదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలుండి, మనవరాలు చదివే బడిని కారు అద్దంలోంచి తప్ప చూడకుండా తిరిగి విమానమెక్కేవాళ్లు ఎంతమందో.

అందుకే సినిమా ఎంపిక దగ్గర నేను పట్టుబడతాను. పిల్లలు ఓట్లేసి కొత్తగా వచ్చిందే కావాలంటారు. నేనైతే ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఏది అందుతుందని చూస్తాను. 2008లో పిక్సార్ తీసిన ‘వాల్-ఈ’ ఇలాంటి రాత్రికే పుట్టినట్టుంటుంది. చెత్తతో నిండిపోయిన భూమి మీద ఒంటరిగా మిగిలిన చిన్న రోబో కథ. మొదటి భాగంలో మాటలు దాదాపు లేవు. ఒకసారి అదే వేసినప్పుడు, రోబో ఒక మొక్కను కనుక్కునే చోట మా పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్న ఒక తాతగారు మనవరాలి భుజం తట్టి, “మట్టిగడ్డతో సహా తీసింది చూశావామ్మా, వేరు తెగకుండా! నారు పీకడం తెలిసినదే ఇది” అన్నారు. వాళ్లది నరసరావుపేట వైపు, మిరప వేస్తారట. ఆ పిల్ల వెంటనే ముందువరుసలో ఉన్న స్నేహితులకు ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లు వెనక్కి తిరిగి తాతగారిని ఒకసారీ తెరని ఒకసారీ చూశారు. ఆయనకు ఈ దేశంలో తనకు తెలిసిన విద్య గురించి పిల్లలకు చెప్పే అవకాశం అప్పుడే వచ్చిందని తర్వాత వాళ్లమ్మాయి నాతో అంది.

తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడేలా పెట్టమని కూడా గట్టిగా అడుగుతాను. వినికిడి తక్కువున్న పిల్లలకు అవి తప్పనిసరి. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న చిన్నవాళ్లకూ, మాట వేగం అందని పెద్దవాళ్లకూ కూడా అవే ఆధారం. పైగా కెఫెటీరియాలో గట్టి నేల, బోసి గోడలు. మాట గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు స్పీకర్లు పరీక్షించి బెంబేలు పడనక్కర్లేదు. దుప్పట్లూ, దిండ్లూ, నైట్ డ్రెస్సుల్లో వచ్చిన పిల్లలూ నిండితే ఆ రొద చాలావరకు వాళ్లలోనే ఇంకిపోతుంది.

తేదీ తేల్చడమే పెద్ద పని. సెప్టెంబరు సగంలో ఇక్కడ ఏడున్నర దాకా వెలుగుంటుంది. పైకిటికీల్లోంచి పడే ఎండకు ప్రొజెక్టరు బొమ్మ వెలవెలబోతుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక అయిదున్నరకే పొద్దుగుంకుతుంది. అప్పుడైతే ఆరుంబావుకు మొదలుపెట్టి, కిండర్‌గార్టెన్ పిల్లల్ని నిద్రవేళకు ఇంటికి పంపవచ్చు. టెక్సాస్‌లో శుక్రవారం రాత్రులు హైస్కూలు ఫుట్‌బాల్‌వి కాబట్టి ఆట ఉన్నరోజు చూసుకుని తప్పుకోవాలి.

సినిమా వేయడానికి అనుమతి కావాలన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంటికి కొన్న డిస్కూ, నెలనెలా డబ్బు కట్టే స్ట్రీమింగ్ ఖాతా ఇంటివరకే. తరగతిలో పాఠంలో భాగంగా టీచరు సినిమా వేస్తే 1976 నాటి అమెరికా కాపీరైటు చట్టం వెసులుబాటు ఇస్తుంది. సాయంత్రం పూట వినోదానికి వేస్తే ఇవ్వదు, టికెట్టు పెట్టకపోయినా సరే. స్వాంక్ లాంటి సంస్థల దగ్గర ప్రదర్శన లైసెన్సు తీసుకోవాలి. స్కూలుకు ఏడాది లైసెన్సు ముందే ఉందేమో అడిగి చూసుకోవాలి. బడిలో జరిగేదాన్ని ఎవరు పట్టించుకుంటారనే మాట కమిటీల్లో వినబడుతుంటుంది. నాకది నచ్చదు. ఆ సినిమాలు తీయడానికి వందల మంది ఏళ్ల తరబడి కూర్చున్నారు. వాళ్లకు దక్కాల్సింది దక్కించాకే బడిలో తెర దించాలి.

తిండి దగ్గర చీజు పిజ్జా విడిగా, మాంసం వేసింది విడిగా పెట్టి పేర్లు రాస్తే మన శాకాహారులకూ, హలాల్ పాటించేవాళ్లకూ అడగాల్సిన మొహమాటం ఉండదు. చాలా జిగురు మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, వేరుశనగతో కొందరు పిల్లలకు ప్రాణం మీదికొస్తుంది, అందుకని రెండూ మానేశాం. నాలుగేళ్లలోపు పిల్లలకు పాప్‌కార్న్ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం వద్దంటుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ చంకనెక్కి వచ్చే రాత్రి కదా, వాళ్లకు అరటిపండ్లు పెడతాం.

టికెట్టు పెడదామన్న ప్రతిపాదన ప్రతిసారీ వస్తుంది. రెండు డాలర్లే కదా అంటారు. ముగ్గురు పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు కలిసి వచ్చే ఇంటికి అది రెండు డాలర్లు కాదు. అప్పుడు ముందుగా ఇంట్లో ఆగిపోయేది పెద్దవాళ్లే, “మీరు వెళ్లి రండమ్మా, మేము ఇంట్లో ఉంటాం” అంటారు. నిధులకు పుస్తకాల సంత ఉంది, పిల్లలు చందాల కోసం పరుగెత్తే ఫన్ రన్ ఉంది. ఈ ఒక్క సాయంత్రాన్ని లెక్కల్లోంచి తీసేయాలని నా వాదన. ఇప్పటిదాకా నెగ్గుతూనే ఉంది.

ఈసారి ఆహ్వానం ఇంగ్లీషు, స్పానిష్‌తో పాటు తెలుగులో కూడా వేస్తామన్నారు. రాసే పని నాకప్పగించారు. సినిమా పేరు కింద చిన్నగా పెట్టి, పైన పెద్ద అక్షరాల్లో ఇలా రాసిచ్చాను: “అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలను తప్పకుండా తీసుకురండి. టికెట్టు లేదు. నేలమీద కూర్చోలేనివారికి ముందు వరుస పక్కనే కుర్చీలు వేస్తాం.”