అట్టపెట్టెలో ఆరు బాతు పిల్లలు

పెబ్బేరు సంత నుంచి మా ఆయన ఆరు బాతు పిల్లల్ని తెచ్చారు. మూడో వారంలో వాటి తోకల దగ్గర నూగు ఊడి, చర్మం ఎర్రబడింది. గజ్జేమో అనుకుని ఒకదానికి కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించాను. నూగంతా అట్టకట్టింది. నీళ్ల తొట్టిలో దిగగానే అది తడిసి ముద్దై వణికిపోయింది. "అమ్మా, చచ్చిపోతదా?" అని పాప ఏడుస్తుంటే నా కాళ్లూ చేతులూ ఆడలేదు.

తువ్వాలులో చుట్టుకుని వనపర్తిలో పశువుల దవాఖానకు పరుగెత్తాను. "ఈ వయసులో నూగు రాలి ఈకలు రావడం మామూలేనమ్మా. చర్మం ఎర్రబడిందంటే మాత్రం ఒకదాన్నొకటి పీక్కుంటున్నట్టు. ఎక్కడ ఉంచారు?" అని డాక్టరుగారు అడిగారు. అట్టపెట్టెలో అని చెప్పడానికి సిగ్గేసింది. నూనె పూస్తే నూగులోని వెచ్చదనం పోతుందట.

ఆరోజే వరండా వాటికిచ్చేశాం. రోజూ పొడి వరిగడ్డి మార్చాను. తల ముంచుకునేంత లోతు గిన్నెలో నీళ్లు పెట్టాను. దాణాతో పాటు తోటకూర తరిగి వేశాను.

"ఇరుకింట్ల మనుషులే కొట్లాడుకుంటరు, పిట్టలెంత బిడ్డా!" అన్నారు అత్తమ్మ.

నెల తిరిగేసరికి ఆరింటికీ ఈకలొచ్చాయి. నూనె పూసినదాన్ని పాప ఇప్పటికీ నా చేతికివ్వదు.