అరువు రంగు

ప్రభుత్వ బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో అది మైనర్ ఓటీ. బల్ల మీద పడుకున్న అమ్మాయి తొడ మీద నాలుగు సిరంజీలు నిలబడి ఉన్నాయి. పిస్టన్లు తీసేసిన ఖాళీ గొట్టాలవి. పెద్ద సిరంజీతో వాటిలోని గాలి లాగేసి, కొసనున్న ట్యాపులు బిగించారు. ఇక చర్మం దానంతటదే పొక్కాలి. రెండు మూడు గంటలు పడుతుందట.

జబ్బేమో కింది పెదవి మీద. బొల్లి మచ్చ. ఏడాదికి పైగా పెరగకుండా ఉంది కాబట్టే బల్ల దాకా వచ్చింది. పెరుగుతున్న మచ్చ జోలికి ఇక్కడ పోరు.

"పూతమందులకు పోదా మేడమ్?" అన్నాను డాక్టరుతో.

"ఒంటి మీదైతే వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన రంగు కణాలు పైకొస్తాయి. పెదవికి వెంట్రుకలేవండీ?"

చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని వింటూ పెరిగినవాణ్ణి. ఇంత సూటి కారణం ఎవరూ చెప్పలేదు.

పొక్కించిన పైపొరను తీసి మచ్చ మీద అతికించే ఈ పద్ధతితో బొల్లికి వైద్యం చేయొచ్చని 1971లో కొలంబియా డాక్టరు రఫాయెల్ ఫాలబెల్లా చూపించారు. సన్న బెజ్జాల్లో చర్మపు ముక్కలు నాటే పద్ధతీ ఉంది గానీ, పెదవి మీద అవి గులకరాళ్లలా ఉబ్బి కనిపించే ప్రమాదముంది.

పొక్కులు తేలాయి. మత్తు సూది వేస్తే పెదవి ఉబ్బి అంచు చెదిరిపోతుంది, అందుకని ముందే పెన్నుతో మచ్చ చుట్టూ గీశారు. తర్వాత పెదవి పైపొరను గీకారు, సూదిమొనలంత నెత్తుటి చుక్కలు లేచేదాకా. పొక్కు పైకప్పును కత్తెరతో తీసి, గాజుపలక మీద తిరగేసి పరిచారు. ఉల్లిపొర కన్నా పల్చన. ఏది పైవైపో ఏది లోపలివైపో నాకు తెలియలేదు. తిరగబడితే అతకదు; ఆ గదిలో అందరూ మాటలాపింది అప్పుడొక్కసారే.

అతికించాక అసలు కష్టం రోగిది. వారం రోజులు నవ్వకూడదు, నమలకూడదు, మాటలు తగ్గించాలి. గాయానికి హెర్పిస్ లేస్తే పెట్టిన పొరంతా పాడు, కనుక అసైక్లోవిర్ మాత్రలు ముందునుంచే మొదలుపెట్టారు. "జావ తాగించండి, కబుర్లు చెప్పి నవ్వించకండి" అని నర్సమ్మ వాళ్లమ్మను హెచ్చరించింది.

తొడ మీద పైపొరే పోయింది కాబట్టి అక్కడ కుట్లు అక్కర్లేదు. పెదవి మీద పెట్టిన పొర కొన్నాళ్లకు రాలిపోయినా రంగు కణాలు నిలిచి మెల్లగా పరుచుకుంటాయి. మొదట్లో ఆ చోటు మిగతా పెదవి కన్నా ముదురుగా కనిపించొచ్చు. ఆ సంగతి ముందే చెప్పి, కాగితం మీద సంతకం తీసుకున్నారు.